ఆడిట్ భోజనం

"తాళంచెవి ఈడ పెడ్తాండా. రేపట్నుంచి అంగడి నువ్వే తెరుచుకో, నువ్వే మూసుకో."

పీర్ బాషా విసిరిన తాళంచెవుల గుత్తి పిండి పళ్లేనికి తగిలి పొయ్యి పక్కన పడింది. ఫిరోజా తల ఎత్తలేదు. జొన్నరొట్టె తడుతూనే ఉంది.

"ఇంటాండావా?"

"ఇంటాండా. చెప్పు."

"నెలాఖరుకు అంగడి ఖాళీ చెయ్యమన్నాడు సుబ్బయ్యన్న. దూది ఏకే మిషను తీసుకొనిపోయి ఇంటిముందర పెట్టుకోమన్నాడు. బజారులో, నలుగురు ఇంటాండంగా చెప్పినాడు."

"ఎందుకంట?"

"ఎందుకో నీకు తెలీదా? మండలాఫీసుకు కాగితం పంపినావు గదా, ఈసారి ఆడిట్ పంచాయతీ ఆఫీసులోనే జరగల్లని. ఆ కాగితం ఆడికి చేరకముందే ఆ మాట సుబ్బయ్యన్న ఇంటికి చేరింది."

రొట్టె పెనం మీద పడింది. ఫిరోజా తడిగుడ్డతో దాన్ని అద్దుతూ కూర్చుంది. ఆ నిదానం చూసి పీర్ బాషాకు ఒళ్లు మండింది. కోపం తెచ్చుకోవాల్సిన మనిషి రొట్టెలు కాల్చుకుంటుంటే ఇంక తను ఎవరిమీద అరవాలి?

నాపరాళ్లదిన్నెలో ఆడిట్ అంటే నాగసుబ్బయ్య ఇంట్లో భోజనం. అది ఈనాటిది కాదు. ఎప్పుడో ఒక ఆడిటర్ వచ్చాడు. మహా నిష్ఠగల మనిషి, కనిపించినచోటల్లా మంచినీళ్లు కూడా ముట్టడు. ఊళ్లో చెప్పుకోదగ్గ హోటలు లేదు. పంచాయతీవాళ్లు పోయి ఎరువుల వ్యాపారి నాగసుబ్బయ్యను బతిమాలితే ఆయన ఇంట్లో ఆకు వేశారు. పెద్దమనిషి తిని, కాస్త నడుం వాల్చి, మళ్లీ ఎండలో ఆఫీసుకు ఏం నడుస్తాడని పుస్తకాల పెట్టెను కూడా అక్కడికే మోసుకెళ్లారు. ఆ ఆడిటర్ రిటైరైపోయాడు. ఆచారం మాత్రం రిటైరు కాలేదు. ఎవరు సర్పంచ్ అయినా పెట్టె నాగసుబ్బయ్య ఇంటికి పోతుంది. లోపల ఫ్యాను కింద ఆడిటరు, బయట అరుగు మీద సర్పంచ్. లోపలినుంచి కాగితాలు వస్తే సర్పంచ్ సంతకం పెట్టి లోపలికి పంపాలి.

పంచాయతీకి పైపులు, బల్బులు, సిమెంటు అమ్మేది ఆ నాగసుబ్బయ్యే. ఎవరి బిల్లులు చూడాలో వాళ్లింట్లోనే కూర్చుని, వాళ్ల నెయ్యి వేసుకుని తిని, వాళ్ల మంచం మీద కునుకు తీసి లెక్కలు చూసేవాడికి తప్పులు ఎక్కడ కనిపిస్తాయి? కనిపించలేదు. ఏ ఏడాదీ కనిపించలేదు.

"పోయినేడు నిన్ను సర్పంచ్‌కు నిలబెట్టింది ఎవురు?" అన్నాడు పీర్ బాషా. "బీసీ ఆడోళ్లకు సీటొస్తే ఊరంతా ఎతికి మన ఇంటికొచ్చినాడు. ఆ మర్యాదన్నా ఉండొద్దా?"

"మర్యాదతో రాలేదు. మనం ఆయన అంగట్లో బాడుగకుండామని వచ్చినాడు. నాకు నోరు లేదనుకున్యాడు."

"నేనూ అట్లే అనుకున్యా."

ఫిరోజా అప్పుడు తల ఎత్తి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

గడప దగ్గర బియ్యంలో రాళ్లు ఏరుతున్న మదార్ బీ చాట పక్కన పెట్టింది. కొడుకు అరుపులకు ఆమె చెయ్యి ఆగలేదు గాని, కోడలి మాటకు ఆగింది.

"ఫిరోజా, నా మాట ఇను. మీ మామ భుజాన విల్లు ఏసుకొని ఊరూరా తిరిగి దూది ఏకినాడు. ఎండలో, వానలో, ఎవురి వాకిట్లో చోటిస్తే ఆడ. నా కొడుకు నీడన కూర్చొని పరుపులు కుడ్తాండాడు. ఆ నీడ తీసేస్తావా మే?"

"నేను తీసేస్తాండానా అత్తా? తీసేస్తానంటాండేది ఆయన."

"ఆయన ఊరికే అన్యాడా? నువ్వు గెలికితే అన్యాడు."

"సరే. నువ్వు పొద్దున్నే నీళ్లకు యాడికి పోతాండావు?"

మదార్ బీ చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"చీనీతోట కాడికి. సుబ్బయ్యన్న తోటలో తొట్టి కాడ బిందె పెట్టుకొని, ఆ కాపలావాన్ని నాయనా, అప్పా అని అడుక్కుంటాండావు. ఆ నీళ్లు తోడే మోటరు ఎవురిది? మనది. మన వీధి బోరుకని పంచాయతీ కొన్న మోటరు. అవునా కాదా?"

ఊరందరికీ తెలిసిన సంగతే. మారెన్న సర్పంచ్‌గా ఉన్నప్పుడు దూదేకుల వీధి బోరుకని కొత్త మోటరు కొన్నారు. ట్రాక్టరు మీద దాన్ని ఊరేగించి టెంకాయ కొట్టారు. బోరులో పూడిక తీసేదాకా దాన్ని తాత్కాలికంగా నాగసుబ్బయ్య చీనీతోటలో దించారు. ఆ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బత్తాయి చెట్లు కాపుకొచ్చాయి. వీధి కుళాయి మాత్రం నాలుగు రోజులకోసారి గురక పెట్టి ఆగిపోతుంది.

"ఊరందరికీ తెలుసు, ఎవురన్నా అడిగినారా?" అన్నాడు పీర్ బాషా. "నీకొక్కదానికే ఎందుకు?"

"ఊరందరూ సంతకం పెట్లేదు. నేను పెట్టినా."

అదీ నిజమే. గెలిచిన రోజు, మెడలో దండలు తియ్యకముందే, పంచాయతీ కార్యదర్శి కిరణ్‌కుమార్ వేలు పెట్టి చూపించినచోటల్లా ఆమె సంతకం చేసింది. సామాను మొత్తం అందిందని రాసి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందులో మోటరు కూడా ఉంది. ఈ ఆడిట్‌లో కూడా మోటరు ఉన్నట్టే రాసుకుపోతే, ఇక అది నాగసుబ్బయ్య తోటలో ఉన్నా పాతాళంలో ఉన్నా, పంచాయతీకి బాకీ పడేది ఫిరోజా. రేపు ఎవడైనా అడిగితే మోటరు దొంగ ఫిరోజా.

"ఆ పెట్టె ఆఫీసు దాటి పోదు," అంది ఆమె. "ఆడిటరు ఆడికే వస్తాడు. మోటరు యాడుండాదని అడిగితే చూపిస్తా. అంతే."

"అంగడి పోతే?"

"చెట్టు కిందన్నా కుడదాం. నేనూ కుడతా."

"నువ్వు కుడతావు. కుట్టినయ్యి కొనేదెవురు? సుబ్బయ్యన్న మాట కాదని ఈ ఊళ్లో మన కాడ దిండు కొనేదెవురు?"

ఫిరోజా పెనం దించింది. రొట్టెలు పళ్లెంలో పెట్టి అతని ముందుకు జరిపింది. అతను దాన్ని అవతలికి తోసి లేచాడు. పొయ్యి పక్కన పడిన తాళంచెవులు తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ రోజంతా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

*

మర్నాడే ఆడిట్. ఫిరోజా ఆఫీసుకు వెళ్లేసరికి కిరణ్‌కుమార్ ఒక్కడే బల్ల ముందు నిలబడి ఉన్నాడు. మూల చూసింది. ఇనప పెట్టె ఉండాల్సిన చోట దుమ్ము లేని నేల మాత్రమే ఉంది.

"పెట్టె యాడ?"

"మేడమ్, మీ ఆయన వచ్చి బండి మీద పెట్టుకొని పోయినాడు. మీరే పంపించినారన్నాడు."

"నేను పంపిస్తే నేను చెప్పనా?"

"ఎప్పుడూ మీ ఆయనే కదా మేడమ్ చెప్పేది." అతను వెటకారంగా అనలేదు. అందుకే ఇంకా మండింది. "మీరు ఇదివరకు ఏమన్నా చెప్పాలంటే ఆయన్నే పంపేవారు కదా. ఇది కూడా అట్లనే అనుకున్నా."

"ఇంకమీదట అనుకోవద్దు. నా నోటితో చెప్తేనే ఇను."

ఫిరోజా చెంగు నడుముకు చుట్టి బజారు వైపు తిరిగింది. ఆమెకు ఏడుపు రాలేదు. నాగసుబ్బయ్య ఎవరినైనా పంపి పెట్టె ఎత్తుకుపోయి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. మోసినవాడు తన మొగుడు. మోటరు నీళ్ల కోసం తల్లి అడుక్కుంటుంటే నోరు మెదపనివాడు, పెట్టె మొయ్యడానికి మాత్రం తెల్లారకముందే లేచాడు.

నాగసుబ్బయ్య వాకిట్లోనే నేతి వాసన కొట్టింది. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ ఒకటి సిద్ధంగా ఉంది. ఆమె కోసమే.

"రామ్మా ఫిరోజమ్మా. ఎండన పడి వచ్చినావు. కూర్చో, మజ్జిగ తెమ్మంటా," అన్నాడు నాగసుబ్బయ్య. గొంతులో ఎక్కడా కరుకు లేదు. నిన్న బజారులో అంగడి ఖాళీ చెయ్యమన్నది ఈయనేనా అనిపిస్తుంది.

ఫిరోజా చెప్పులు విడిచి, కుర్చీ దాటి లోపలికి నడిచింది. ఆ ఇంట్లో ఆడిట్ జరుగుతుండగా సర్పంచ్ గడప దాటడం అదే మొదలు.

లోపల ఫ్యాను కింద ఒక బక్కపల్చని మనిషి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. కర్నూలు నుంచి వచ్చిన ఆడిటర్ తేజేశ్వర్. ఆయన ముందు పెట్టె తెరిచి ఉంది. తలుపు పక్కన పీర్ బాషా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భార్యను చూసి నేల చూపులు చూశాడు.

"మీరు?"

"సర్పంచ్‌ను సార్. ఆడిట్ ఆఫీసులో అని రాసినా."

"చూశాను. బస్సు దిగగానే వీళ్ల మనిషి స్కూటర్ మీద ఎక్కించుకున్నాడు. సర్పంచ్ గారు ఇక్కడే ఉంటారన్నాడు."

"భోజనానికని సార్," నాగసుబ్బయ్య అందుకున్నాడు. "మీలాంటోళ్లు తినేదానికి ఊళ్లో చోటు లేదు. ఎప్పుడూ మా ఇంట్లోనే ఏర్పాటు. తిని నిదానంగా చూసుకోవచ్చు."

"నాకు భోజనం వద్దండి. కడుపులో పుండు. పెరుగన్నం తప్ప ఏం తిన్నా పడదు, డబ్బాలో తెచ్చుకున్నాను." తేజేశ్వర్ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

వంటింటి గుమ్మంలోకి నాగసుబ్బయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ వచ్చి నిలబడింది. మొహమంతా చెమట, చేతినిండా పిండి.

"ఒక్క ఓళిగన్నా తినండి సార్."

"వద్దమ్మా. ఏమీ అనుకోకండి."

ఆమె ఆయన్ని ఏమీ అనుకోలేదు. మొగుడి వైపు తిరిగింది. "ముందే కనుక్కోని చెప్పేదానికి ఏమొచ్చె నీకు? ఓళిగలు చెయ్, అలసంద వడలు చెయ్, పప్పుల పొడి చెయ్ అంటివి. తెల్లార్నించి పొయ్యికాడ నిలబడుకోనుండా. ఏడాదికొకసారి ఈ ఆడిట్ పేరు చెప్పి నన్ను వంటమనిషిని చేస్తాండావు."

"నువ్వు లోపలికి పో."

ఆమె పోలేదు. గుమ్మానికి ఆనుకుని అక్కడే నిలబడింది.

"అయితే తినే పని లేకపోయె గదా," అంది ఫిరోజా. "ఆఫీసుకు పోదాం పదండి సార్. పెట్టె నేను తెస్తా."

"ఎందుకమ్మా సారుకు ఎండలో శ్రమ? ఆడ ఫ్యాను కూడా లేదు."

"ఫ్యాను కొన్నట్టు బిల్లుండాది గదన్నా. మీ అంగడి బిల్లే."

నాగసుబ్బయ్య మొహంలో నవ్వు ఆరిపోయింది. తేజేశ్వర్ కళ్లద్దాలు పెట్టుకుని మొదట ఆమెను, తర్వాత ఆయన్ని చూశాడు. ఇన్నేళ్లూ భోజనం కోసమే పెట్టె ఇక్కడికి వస్తోందని ఊరు నమ్మింది. నమ్మినట్టు నటించింది. ఇప్పుడు భోజనం అక్కర్లేని ఆడిటర్ వచ్చి కూర్చున్నాడు, పెట్టె ఇక్కడెందుకుందో చెప్పడానికి ఎవరి దగ్గరా ఒక్క ముక్క లేదు. సిగ్గుపడాల్సింది ఎవరో గాని, ఆ ఇంట్లో సిగ్గుపడినట్టు కనిపించింది ఫిరోజా మొగుడు ఒక్కడే.

"ఎక్కడైతేనేం, వచ్చాను కాబట్టి మొదలుపెడతాను. కావలసినవి తర్వాత అక్కడికొచ్చి చూస్తాను," అన్నాడు తేజేశ్వర్. పెట్టెలోంచి సామాను వివరాలు రాసే పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. "ఇదేంటి? బోరు మోటరు. రెండువేల ఐదులో కొన్నది. కొత్త సర్పంచ్‌కు అప్పగించినట్టుంది. ఎక్కడుంది ఇది? కంటితో చూడాలి."

ఫిరోజా నోరు తెరిచింది.

"మా ఇంట్లో ఉండాది సార్."

మాట పీర్ బాషాది. ఆమె చప్పున అతని వైపు తిరిగింది. అతను నేలమీదనుంచి చూపు ఎత్తలేదు.

"రిపేరుకని తెచ్చి ఇంట్లో పెట్టినాం సార్. పూడిక తీయంగానే దించుతాం."

"ఇంకేం సార్," నాగసుబ్బయ్య నవ్వు మళ్లీ తిరిగొచ్చింది. "సర్పంచ్ ఇంట్లో భద్రంగా ఉండాది. ఉన్నట్టు రాసెయ్యండి. మళ్లీ ఆడికి పోయి చూసేదేముంది?"

"ఆయన సర్పంచ్ కాదు కదండీ." తేజేశ్వర్ పెన్ను మూత తీశాడు. "ఏమ్మా, మోటరు మీ ఇంట్లో ఉందా?"

ఫిరోజా మొగుడినే చూస్తోంది. అతని కనుబొమల్లో దూది పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. నిన్నటినుంచి మొహం కూడా కడగలేదు మనిషి. పెళ్లైనప్పటినుంచి అతను ఒకరి సొమ్ము ముట్టుకోవడం ఆమె చూడలేదు. పాత దూది కలిపి కొత్త పరుపని అమ్మడం కూడా చేతకానివాడు. అటువంటివాడు ఆ అంగడి గది కోసం పెళ్లాన్ని దొంగను చేసి నిలబెట్టాడు. ఆమెకు జాలి వేసింది. జాలిని మించి కోపం వచ్చింది.

"ఏమంటాండావు నువ్వు?" అంది గొంతు తగ్గించి.

"ఉండాదని చెప్పు. అంతే. ఇంకేమీ అనొద్దు," అతనూ గొంతు తగ్గించే అన్నాడు. "నీ కాళ్లు పట్టుకుంటా ఫిరోజా. ఈ ఒక్కసారి."

"రేపు ఎవురన్నా వచ్చి మోటరు తీయమంటే యాడ్నుంచి తెస్తావు?"

"రేపటి సంగతి రేపు."

ఉందంటే సరిపోతుంది. అంగడి మిగులుతుంది, అత్త మళ్లీ మాట్లాడుతుంది, రాత్రికి మొగుడు అన్నం తింటాడు. వీధికి నీళ్లు రావు. పైగా మోటరు మింగింది ఫిరోజా అని ప్రభుత్వం పుస్తకంలో ఉండిపోతుంది. నాగసుబ్బయ్య చీనీకాయలు లారీకి ఎత్తుకుంటాడు.

"సార్," అంది ఆమె. గొంతు పెద్దగానే వచ్చింది. "మోటరు మా ఇంట్లో లేదు. ఎప్పుడూ లేదు. మా ఆయన చెప్పింది అబద్ధం. ఆ మాట కూడా రాసుకోండి."

తేజేశ్వర్ రాయడం మొదలుపెట్టాడు. పీర్ బాషా మొహం పాలిపోయింది. తర్వాత నల్లబడింది. అతను తలుపు పక్కనుంచి రెండడుగులు ముందుకొచ్చి, భార్యను కాకుండా ఆడిటర్‌ను చూస్తూ మాట్లాడాడు.

"రాసుకోండి సార్. మోటరు మా ఇంట్లో లేదు. ఈ పొద్దుకాడ్నుంచి ఈమె కూడా మా ఇంట్లో లేదు. అదీ రాసుకోండి."

"ఏం మాటప్పా అది పీర్ బాషా?" అంది రాజ్యలక్ష్మమ్మ గుమ్మంలోంచి.

నాగసుబ్బయ్యకు ఏమీ అనాల్సిన అవసరం లేదు, ఆయన పని ఇంకొకడు చేసిపెట్టాడు. తేజేశ్వర్ పెన్ను కాగితం మీదే ఆగింది.

నలుగురిలో, పరాయి ఇంట్లో, ఒక ఆడిటర్ ముందు ఫిరోజా కాపురం లెక్క తేలిపోయింది. కూలబడి ఏడిస్తే అందరికీ సుఖంగా ఉండేది. ఆమె తేజేశ్వర్ వైపు తిరిగింది.

"మోటరు చీనీతోటలో ఉండాది సార్. ఈ అన్న చీనీతోటలో. నడిచిపోయేంత దూరమే. చూస్తామంటే రాండి, చూపిస్తా."

మొగుడి మొహం చూడకుండా గడప దాటింది. అరుగు దిగి చెప్పులు తొడుక్కుని, ఎండలో వాకిట్లో నిలబడింది.

లోపలినుంచి ఇంకా ఎవరూ లేచి రాలేదు.